ఆకాశం చెక్కిన శాసనాలు

తెలుగు పండిత శిక్షణ పొందిన మావంటి వారికి ఛందస్సు, వ్యాకరణం తరువాత అంతగా పట్టుబడని విద్య ఒకటుంది. అదే కాలనిర్ణయం. ఈ కవి ఆ కవికి పూర్వుడా, సమకాలికుడా, ఈ రాజు ఏలినది పదేళ్లా, పాతికేళ్లా అన్న వాదాలతో గ్రంథాలకు గ్రంథాలే నిండిపోయాయి. ఈ వాదాల్లో శాసనం దొరికితే పండగే. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం విషయమే చూడండి. కోరుమిల్లి తామ్రశాసనంలో ఆ సంవత్సరాన్ని వేదాలు, సముద్రాలు, నిధులు అనే మూడు మాటల్లో దాచారు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. అంకెలకు వామగతి కనుక వెనుక నుంచి చదివితే 944. శక సంవత్సరం 944 అంటే క్రీ.శ. 1022. నన్నయ గారి కాలం ఎవరు చర్చించినా ఈ గుంజకే కట్టవలసిందే.

అన్ని శాసనాలూ ఇంత దయగా ఉండవు. కడప జిల్లా కలమళ్లలో ఉన్న రేనాటి చోళుల శాసనం మనకు తెలిసిన తొలి తెలుగు శాసనాల్లో ముఖ్యమైనది. అందులో సంవత్సరం లేదు. అక్షరాల పోకడను బట్టి ఆరవ శతాబ్ది ఉత్తరార్ధమని, సుమారు 575 అని చెప్పుకుంటున్నాం. ఇంకా వెనక్కు శాతవాహనుల దగ్గరకు వెళితే శాసనాల్లో కనిపించేది రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అన్న లెక్క ఒక్కటే. అందుకే ఆ వంశం ఎప్పుడు మొదలయిందన్న విషయంలో చరిత్రకారుల మధ్య రెండు శతాబ్దాల తేడా నేటికీ ఉంది. ఇక మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బ వంటి చోట్ల అక్షరమే లేదు. 1957లో ఆల్చిన్ అక్కడ తవ్వి చూసి, అవి ఆవుల మందల దొడ్లలో పేరుకుపోయిన పేడను తగలబెట్టగా మిగిలిన బూడిద కుప్పలని నిరూపించాడు. ఆ దొడ్లు కట్టిన పశుపాలకులు ఏ కాలం వారని ఏ రాయిని అడగాలి?

అటువంటి చోట జవాబు చెప్పే లిపి ఒకటుంది. దాన్ని రాసినది మనిషి కాదు. రాసిన వస్తువు చెట్టు వలయం, మంచుపొర, సముద్రగర్భపు బురద, పలుగురాయి. సిరా మాత్రం ఆకాశం నుంచి వచ్చింది. ఈ లిపిని చదవడం మనుషులు ఎలా నేర్చుకున్నారన్నది గత నూరేళ్ల విజ్ఞాన చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం. అందులో బొంబాయి వానకూ కొంచెం వాటా ఉంది. చదువరులలో సైన్సు వారు ఉంటే నా భాషలోని పండితవాసనను మన్నించాలి.

1912 ఆగస్టులో ఆస్ట్రియా దేశస్థుడు విక్టర్ హెస్ బెలూను బుట్టలో కూర్చుని 5 కిలోమీటర్లకు పైగా ఎగిరాడు. భూమి నుంచి దూరమయ్యే కొద్దీ తగ్గవలసిన వికిరణం ఎత్తుకు పోయేకొద్దీ పెరగడం అతడి పరికరాల్లో కనిపించింది. అంటే అది పైనుంచి వస్తోందన్నమాట. వీటినే విశ్వకిరణాలు అన్నారు. కిరణాలన్న పేరు పడింది గానీ, ఇవి చాలావరకు మహావేగంతో దూసుకువచ్చే పరమాణు కేంద్రకాలు, ముఖ్యంగా ప్రోటాన్లు. ఇవి గాలి పైపొరల్లోని పరమాణువులను ఢీకొని బద్దలు కొడతాయి. ఆ విధ్వంసంలో ఎగిరిపడిన న్యూట్రాన్ ఒక నత్రజని కేంద్రకంలో చొరబడి అక్కడున్న ప్రోటానును వెళ్లగొట్టి తాను తిష్ట వేస్తే, ఆ నత్రజని కాస్తా కార్బన్-14 అవుతుంది. ఇల్లు అదే, యజమాని మారాడు. అది ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారి, ఆకుల్లోకి, ఆకుల్ని తిన్న పశువుల్లోకి, అన్నిటినీ తినే మనలోకి చేరుతుంది. భూమండలం మొత్తం మీద ఏడాదికి తయారయ్యేది సుమారు 7 కిలోలు. లక్ష కోట్ల కర్బన పరమాణువుల్లో ఒక్కటి ఈ జాతిది.

ప్రాణి బతికి ఉన్నంతకాలం తిండితో ఈ పరమాణువుల లోటు తీరుతూ ఉంటుంది. చచ్చిపోతే సరఫరా ఆగిపోతుంది. ఉన్నవి మాత్రం క్షీణిస్తూ 5,730 ఏళ్లకు సగమవుతాయి, మరో 5,730 ఏళ్లకు ఆ సగంలో సగం. మిగిలినదాన్ని కొలిస్తే ప్రాణం పోయి ఎంతకాలమయిందో చెప్పవచ్చు. 1940లో బర్కిలీలో మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ కార్బన్-14ను యంత్రంలో తయారు చేసి చూపారు. అది ప్రకృతిలోనూ ఉండి తీరాలని ఊహించి, దాన్ని గడియారంగా వాడుకోవచ్చునన్నవాడు షికాగోకు చెందిన విల్లార్డ్ లిబ్బీ. ప్రకృతిలో అది ఉందని నిరూపించడానికి 1947లో అతడి బృందం ఎంచుకున్న పదార్థం ఏమిటో తెలుసునా? బాల్టిమోర్ నగరపు మురుగునీటి నుంచి వచ్చిన మీథేన్ వాయువు! నిన్నమొన్నటి ప్రాణుల నుంచి పుట్టిన ఆ వాయువులో కార్బన్-14 కనిపించింది, కోట్ల ఏళ్ల నాటి పెట్రోలియం మీథేనులో కనిపించలేదు. మహావిద్యలకు పుట్టుక ఎక్కడ ఉంటుందో చెప్పలేం.

1949లో లిబ్బీ, జేమ్స్ ఆర్నాల్డ్ కలిసి వయసు ముందే తెలిసిన వస్తువుల మీద ఈ గడియారాన్ని పరీక్షించారు. ఈజిప్టు రాజు జోసర్ సమాధిలోని తుమ్మజాతి దూలం వంటివి వారి సాక్షులు. లెక్క దాదాపు సరిపోయింది. 1960లో లిబ్బీకి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఈ లెక్క అంతా ఒక నమ్మకం మీద నిలబడింది. ఆకాశం నుంచి వచ్చే ఆ వాన అన్ని యుగాల్లోనూ ఒకేరీతిగా కురిసిందన్నదే ఆ నమ్మకం. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు బొంబాయి పోయి రావాలి.

బెర్నార్డ్ పీటర్స్ జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లరు కాలంలో డాఖౌ నిర్బంధ శిబిరం చూసి, తప్పించుకుని అమెరికా చేరాడు. అక్కడ ఓపెన్‌హైమర్ శిష్యుడై భౌతికశాస్త్రం చదివాడు. 1948లో, విశ్వకిరణాల్లో ప్రోటాన్లే కాక బరువైన కేంద్రకాలు కూడా ఉన్నాయని కనిపెట్టినవారిలో అతడొకడు. మరుసటేడు అమెరికాలో కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషులను వెంటాడే గాలి వీచింది. గురువు గారే విచారణలో శిష్యుడి మీద అనుమానం వెలిబుచ్చాడు. అక్కడ నిలదొక్కుకోలేని స్థితిలో ఉన్న పీటర్స్‌కు హోమీ భాభా చోటిచ్చాడు. అలా అతడు బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు వచ్చి, దశాబ్దం చివరిదాకా ఉన్నాడు. ఒక దేశపు భయం మరో దేశానికి విద్యాదానం అయింది.

అక్కడ అతడికి దొరికిన శిష్యుడు దేవేంద్ర లాల్. 1929లో కాశీలో పుట్టి, అక్కడి హిందూ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చినవాడు. విశ్వకిరణాలు గాలిని బద్దలు కొట్టినప్పుడు కార్బన్-14 ఒక్కటే పుట్టాలని లేదు కదా, తక్కిన ముక్కలు ఏమవుతున్నాయి అన్నది గురుశిష్యుల ప్రశ్న. ప్రాణవాయువు, నత్రజని కేంద్రకాలు పగిలితే బెరీలియం పుడుతుంది. అందులో రెండు రకాలు: బెరీలియం-7 సుమారు 53 రోజులకే సగమైపోతుంది, బెరీలియం-10కి సగం కావడానికి దాదాపు 14 లక్షల ఏళ్లు కావాలి. ఒకే కడుపున పుట్టిన క్షణజీవి, చిరంజీవి! బెరీలియం కర్బనంలాగ వాయువై తిరగదు. దుమ్మూధూళీకి అంటుకుని వానతోనో మంచుతోనో కిందికి దిగుతుంది. కాబట్టి దాన్ని పట్టాలంటే వాననీరు పట్టాలి. వానకు బొంబాయిలో కరువేముంది? 1956లో ఈ బృందం వాననీటిలోని విశ్వకిరణజన్య బెరీలియం గురించి ప్రకటించింది. అమెరికాలో ఆర్నాల్డ్ కూడా దాదాపు అదే సమయంలో అదే వెతుకులాటలో ఉన్నాడు. సముద్రగర్భపు బురదలో బెరీలియం-10ను కూడా ఈ ఇరుపక్షాల వారూ పట్టుకున్నారు. 1960లో లాల్, ఇద్దరు సహచరులతో కలిసి, సముద్రపు స్పంజికల్లో సిలికాన్-32ను కనిపెట్టాడు. ఖరీదైన యంత్రాలు లేని చోట వాననీరూ, బురదా, స్పంజికలూ పరిశోధన సామగ్రి అయ్యాయి.

మన హైదరాబాదుకూ ఇక్కడ ఒక మాట దక్కుతుంది. టాటా సంస్థ వారు విశ్వకిరణాలను కొలిచే పరికరాలను బెలూన్లకు కట్టి పైకి పంపినది హైదరాబాదు నుంచే. 1969 నుంచి అక్కడ దానికొక స్థిరమైన కేంద్రం ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ సమీపంలో గట్టి గొడుగు పట్టి, బలహీనమైన కిరణాలను దారి మళ్లిస్తుంది. అందుచేత హైదరాబాదు మీదికి అతి శక్తిమంతమైనవే రాగలవు. ధ్రువాల దగ్గర ఆ గొడుగుకు చిల్లి ఉంటుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

టాటా సంస్థలోనే కార్బన్-14 కాలనిర్ణయశాల కూడా ఏర్పడింది. అక్కడ డి.పి. అగ్రవాల్, షీలా కుసుమ్‌గర్ మన దేశపు తవ్వకాలనుంచి వచ్చిన బొగ్గుముక్కలను కొలిచారు. అంతవరకు హరప్పా నాగరికతకు మోర్టిమర్ వీలర్ చెప్పిన క్రీ.పూ. 2500 నుంచి 1500 అన్న కాలమే పాఠ్యపుస్తకాల్లో ఉండేది. అది ముఖ్యంగా మెసపొటేమియాలో దొరికిన ముద్రికలతో పోల్చి చెప్పినది. 1964లో అగ్రవాల్ తన కొలతలను బట్టి అంత పొడవు కుదరదని, క్రీ.పూ. 2300 నుంచి 1750 వరకేనని ప్రకటించాడు. మా తరం ఉపాధ్యాయులు చాలామంది తరగతి గదుల్లో చెప్పినవి ఈ అంకెలే. భౌతికశాస్త్రం చెప్పింది కనుక తిరుగులేదనుకున్నాం.

తిరుగుంది. ఆకాశపు వాన ఎప్పుడూ ఒకేరీతిగా కురవలేదు. 1958లో నెదర్లాండ్స్‌లో హెస్సెల్ డి వ్రీస్, వయసు కచ్చితంగా తెలిసిన చెట్టు వలయాలను కొలిచి, శతాబ్దం నుంచి శతాబ్దానికి కార్బన్-14లో హెచ్చుతగ్గులున్నాయని చూపాడు. తరువాత కాలిఫోర్నియా శ్వేతపర్వతాల మీది బ్రిజిల్‌కోన్ దేవదారు జాతి వృక్షాలు సాక్ష్యానికి వచ్చాయి. వాటిలో నాలుగున్నర వేల ఏళ్లు దాటినవి నేటికీ సజీవంగా ఉన్నాయి. పక్కనే పడివున్న ఎండుమానుల వలయాలను సజీవ వృక్షాల వలయాలతో జతచేసి, వెస్లీ ఫెర్గూసన్ ఆ వరుసను ఏడు వేల ఏళ్ల వెనక్కు లాగాడు. ఒక పద్యంలోని చివరి అక్షరాన్ని పట్టుకుని మరో పద్యం అందుకునే అంత్యాక్షరి ఆటలాంటిదే ఈ పని. ఆ వలయాల్లోని కార్బన్-14ను హాన్స్ స్యూస్ వరసగా కొలిచాడు. క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో గాలిలో కార్బన్-14 తరువాతి కాలం కంటే ఎక్కువగా ఉండేదని తేలింది. అంటే ఆనాటి వస్తువులు ఎక్కువ నిల్వతో బయలుదేరి, ఈనాడు ఉన్న వయసుకంటే చిన్నవిగా కనిపిస్తున్నాయి.

సవరణ చేసి చూస్తే పరిణత హరప్పా నాగరికత క్రీ.పూ. 2600కు జరిగి, 1900 ప్రాంతానికి ముగిసింది. నేడు అంగీకరించే కాలం ఇదే. ఉట్నూరు పశుపాలకులు కూడా మరికొన్ని వందల ఏళ్లు వెనక్కు జరిగారు. యూరప్‌లో అయితే పెద్ద భూకంపమే వచ్చింది. అక్కడి మహాశిలా సమాధులు ఈజిప్టు నుంచి నేర్చుకుని కట్టినవని అంతవరకు చెప్పేవారు. సవరణ తరువాత వాటిలో చాలా భాగం పిరమిడ్ల కంటే పాతవని తేలింది. శిష్యుడనుకున్నవాడు గురువుకంటే పెద్దవాడయ్యాడు. ఒక్కమాట మాత్రం అగ్రవాల్ పక్షాన చెప్పాలి. ఆయన కొలతల్లో తప్పు లేదు. ఈ నాగరికత వీలర్ చెప్పినంత కాలం సాగలేదన్న ఆయన మూల వాదమూ నిలిచింది. జరిగింది లెక్క మొదలుపెట్టే గీత.

ఇక్కడే నాకు ఈ కథ అసలు రుచి మొదలవుతుంది. గడియారం తప్పు చూపిస్తోందని తెలిసినప్పుడు, గడియారం పనివాడు సరిచేసి ఊరుకుంటాడు. వీళ్లు ఊరుకోలేదు. అది ఎంత తప్పుతోంది, ఏ శతాబ్దంలో తప్పుతోంది అని పట్టిక వేశారు. లేఖకుడి తప్పులను పోగుచేసి అతడి ఊరూ, మాండలికమూ పట్టుకునే పరిష్కర్త పద్ధతి ఇది. తాళపత్ర ప్రతిలో లేఖకుడు బండిరకు సాధురేఫం రాస్తే, ఆ తప్పే అతడి కాలాన్ని చెబుతుంది కదా! కార్బన్-14 తప్పులన్నీ కూర్చితే సూర్యుడి జీవిత చరిత్ర బయటపడింది. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు అతడి నుంచి వీచే గాలి విశ్వకిరణాలను దూరంగా తోస్తుంది, కార్బన్-14 తగ్గుతుంది. సూర్యుడు మందగిస్తే పెరుగుతుంది. 1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనిపించలేదని దూరదర్శినితో చూసినవారి లెక్కలున్నాయి. సరిగ్గా ఆ డెబ్బై ఏళ్లూ చెట్ల వలయాల్లో కార్బన్-14 ఎక్కువగా ఉంది, మంచుపొరల్లో బెరీలియం-10 ఎక్కువగా ఉంది. దూరదర్శిని లేని కాలాలకు కూడా ఈ సాక్ష్యాన్ని పొడిగించవచ్చు. భూమి అయస్కాంతపు గొడుగు సంగతీ ఇందులోనే దొరుకుతుంది. సుమారు 41,000 ఏళ్ల కిందట ఆ గొడుగు దాదాపు మూతపడినప్పుడు బెరీలియం-10 ఒక్కసారిగా పెరిగిన గుర్తు మంచులోనూ, బురదలోనూ ఉంది. మన తరం కూడా తన ముద్ర వేసింది. అణ్వాయుధ పరీక్షల వల్ల 1963 నాటికి ఉత్తరార్ధ గోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. నేను పుట్టి పెరిగిన ఏళ్లు నా పళ్లలోనే రాసి ఉన్నాయన్నమాట.

కార్బన్-14 సుమారు 50,000 ఏళ్ల దగ్గర మూగబోతుంది. అంతకు మించి వెళ్లాలంటే చిరంజీవి కావాలి. విశ్వకిరణాల వాన గాలిలోనే ఆగిపోదు, కొంత నేలమీది రాతిలోకీ దిగి, పలుగురాతి లోపల బెరీలియం-10నూ, అల్యూమినియం-26నూ పుట్టిస్తుంది. రాయి పైన ఎంతకాలం ఎండకు ఉంటే అంత నిల్వ. భూమిలో కప్పబడిందా, కొత్తవి పుట్టవు. అల్యూమినియం బెరీలియం కంటే తొందరగా క్షీణిస్తుంది కనుక వాటి నిష్పత్తిని బట్టి రాయి ఎప్పుడు పూడిపోయిందో చెప్పవచ్చు. ఈ విద్యకు నేడు ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే సూత్రాలను 1991లో ఒక వ్యాసంలో కూర్చినది బొంబాయి వాననీరు పట్టిన ఆ లాల్ గారే. చెన్నైకి వాయవ్యంగా ఉన్న అత్తిరంపాక్కంలో 1863లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతి గొడ్డళ్లను గుర్తించాడు. శాంతి పప్పు బృందం అక్కడ మళ్లీ తవ్వి, ఈ పద్ధతితో కొలిచి, 2011లో వాటి వయసు సుమారు 15 లక్షల ఏళ్లని ప్రకటించింది. ఎంత తగ్గించి చూసినా 10 లక్షలకు పైమాటే. ఆ గొడ్డళ్లను చెక్కినవాళ్లు మన జాతి మానవులు కూడా కారు.

ఇంతవరకు చెప్పినవన్నీ శతాబ్దాలు, సహస్రాబ్దాల లెక్కలు. చరిత్రకారుడికి సంవత్సరం కావాలి. అది 2012లో జపాన్ నుంచి వచ్చింది.

నగోయా విశ్వవిద్యాలయంలో ఫూసా మియాకే అనే యువ పరిశోధకురాలు యాకుషిమా ద్వీపపు దేవదారు వలయాలను తీసుకుని, పదేళ్లకొకసారి కొలిచే అలవాటును పక్కనపెట్టి, ఒక్కొక్క ఏడాది వలయాన్నీ విడదీసి కొలిచింది. క్రీ.శ. 774 వలయానికీ 775 వలయానికీ మధ్య కార్బన్-14 వెయ్యికి 12 వంతులు ఎగబాకింది. సూర్యుడి మామూలు ఆటుపోట్ల వల్ల ఏడాదిలో కలగగల మార్పుకు ఇది సుమారు 20 రెట్లు. ఒక్క చెట్టు మాట నమ్మవచ్చునా? మరుసటేడే జర్మనీ సిందూర వృక్షం అదే ఏడాది అదే మాట చెప్పింది. తరువాత ఇతర ఖండాల చెట్లూ పలికాయి, రెండు ధ్రువాల మంచులోనూ బెరీలియం-10, క్లోరిన్-36 సాక్ష్యమిచ్చాయి. వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న ఆ రోజుల్లో, భూగోళం మీద పెరుగుతున్న ప్రతి చెట్టులోనూ ఒకే ఏడాది ఒకే ముద్ర పడింది. వేర్వేరు గ్రామాల్లో దొరికిన నకళ్లన్నీ ఒకే మూలాన్ని చూపుతున్నప్పుడు పరిష్కర్తకు కలిగే ధైర్యం ఎటువంటిదో పాత పుస్తకాలతో తంటాలు పడ్డవారికి తెలుస్తుంది.

ఆనాడు ఏమి జరిగింది? దూరాన ఏదో నక్షత్రం పేలిందన్నారు కొందరు, మరి కొందరు గామా కిరణాల విస్ఫోటమన్నారు. బెరీలియం, క్లోరిన్‌ల పాళ్లు చూశాక, సూర్యుడి నుంచే దూసుకువచ్చిన ప్రచండ కణధార అన్న పక్షం బలపడింది. ధ్రువాల దగ్గర గొడుగుకు చిల్లి ఉందన్నాను గుర్తుందా, ఆ చిల్లి గుండానే అధికంగా దిగింది. ఆ మాట బయటికి రాగానే ఒక అమెరికా విద్యార్థి, పాత ఇంగ్లీషు వృత్తాంతాల్లో ఆ సంవత్సరాల్లోనే సూర్యాస్తమయం తరువాత ఆకాశంలో ఎర్రని శిలువ కనిపించిందని ఉన్నట్టు చూపాడు. పత్రికలు ఎగిరి గంతేశాయి. నాకు మాత్రం ఆ తొందర నచ్చదు. ఆ వృత్తాంతంలో సంవత్సరాల లెక్కే ఒకటి రెండేళ్లు అటూ ఇటూ జరిగి ఉందని ఆ గ్రంథం ఎరిగినవారు అంటున్నారు, ఎర్రని శిలువకు వేరే కారణాలూ ఉండవచ్చు. మన పురాణాల్లో ఉల్కాపాతం, నెత్తుటివాన కనిపించిన చోటల్లా ఒక శాస్త్రీయ ఘటనను అతికించే వారిని చూసి చూసి నాకీ జాగ్రత్త అలవడింది. చెట్టు చెప్పినది చెట్టు మాటగానే బలమైనది, దానికి పుస్తకాన్ని తోడు తేవలసిన అవసరం లేదు.

2013లో మియాకే 993, 994 ప్రాంతంలో అటువంటి మరో ముద్రను కనిపెట్టింది. దానివల్ల కలిగిన ఫలితం చరిత్ర విద్యార్థులందరూ కళ్లకద్దుకోవలసినది. కొలంబస్‌కు ముందే ఉత్తర యూరప్ నావికులు అమెరికా చేరారని ఐస్‌లాండ్ వారి కథల్లో ఉంది. 1960లో నార్వే దంపతులు హెల్గె ఇంగ్‌స్టాడ్, ఆన్ స్టీన్ ఇంగ్‌స్టాడ్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపపు కొసన, లాన్స్ ఓ మెడోస్ అనే చోట వారి ఇళ్ల పునాదులను గుర్తించారు. ఎప్పటివంటే, సుమారు క్రీ.శ. 1000 అని మాత్రం చెప్పగలిగేవారు. అక్కడ లోహపు పనిముట్లతో నరికిన కర్రముక్కలు దొరికాయి. ఆ ప్రాంతపు ఆదివాసులు అప్పుడు లోహపు గొడ్డళ్లు వాడలేదు గనుక అవి నావికుల పనే. మూడు వేర్వేరు చెట్ల ముక్కల్లో 993 ముద్ర ఉన్న వలయాన్ని వెతికి పట్టుకుని, అక్కడి నుంచి బెరడు దాకా వలయాలు లెక్కబెట్టారు. మూడింటిలోనూ ఒకే జవాబు: 1021. ఈ సంగతి 2021లో వెల్లడయింది. రాజమహేంద్రవరంలో రాజరాజు పట్టం కట్టుకోవడానికి ముందటి ఏడాది, అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఎవరో ఒక చెట్టు నరికారు. ఒకదానికి తామ్రశాసనం, మరోదానికి కర్రముక్క. రెండిటికీ సంవత్సరం కచ్చితమే.

మంచుపొరల చరిత్ర కూడా దీనితో సరిపడింది. గ్రీన్‌లాండ్ మంచును ఏటేటి పొరలుగా లెక్కించి, అందులో గంధకం కనిపించిన చోట అగ్నిపర్వతం పేలిందని చెబుతారు. 536లో సూర్యుడు వెలుగు తగ్గి చంద్రుడిలా కనిపించాడని ప్రొకోపియస్ రాశాడు, ఆ ఏడు వేసవిలో చెట్లు గిడసబారినట్టు వలయాలూ చెబుతున్నాయి. మంచులోని గంధకం మాత్రం కొన్నేళ్లు ముందే పడినట్టుండేది. దాంతో అగ్నిపర్వతమే కారణమా అన్న సందేహం మిగిలింది. 775 ముద్రను మంచులోనూ వెతికితే, అది ఏడేళ్లు పక్కకు జరిగి కనిపించింది. పొరలు లెక్కపెట్టినవారు ఏడు సంవత్సరాలు పొరబడ్డారన్నమాట. 2015లో మైకేల్ సిగ్ల్ బృందం ఆ ఏడేళ్లూ సవరించగానే 536 చీకటికీ, 540 ప్రాంతపు రెండో చలికీ సరిగ్గా ఎదురుగా రెండు అగ్నిపర్వతాల గంధకం వచ్చి నిలిచింది.

మరి మన శాతవాహనులకు ఇటువంటి ముద్ర ఉన్నదా అని అడిగే మిత్రులుంటారు. ఇంతవరకు కనిపెట్టిన పెద్ద ముద్రల జాబితాలో క్రీ.పూ. 660 ప్రాంతానిది ఒకటి, ఆ తరువాత క్రీ.శ. 774. శాతవాహనులు నడుమ ఖాళీలో పడ్డారు! పైగా మన ఉష్ణదేశపు చెట్లలో చాలావాటికి ఏటేటి వలయం స్పష్టంగా పడదు. టేకు వంటి కొన్నిటికే ఆ అలవాటుంది. పాత కర్రను చెదలు మిగిల్చితే గదా. చాళుక్యుల, కాకతీయుల కోవెలల్లో ఎక్కడైనా పాత దూలమో, ద్వారబంధమో మరమ్మతులో బయటపడితే, దాన్ని పొయ్యిలోకి పంపకుండా ఆపగలిగే మనిషి ఒక్కడుంటే చాలునని నా ఆశ. ఈ మాట చదివినవారిలో ఊళ్లో ధర్మకర్తలుగా ఉన్నవారు ఎవరైనా ఉంటే మరీ మరీ మనవి.

ఈ విద్య వెనక్కి చూడడంతో ఆగిపోలేదు. 1859 సెప్టెంబరులో సూర్యుడి నుంచి వచ్చిన తుపాను తంతి కార్యాలయాల్లో నిప్పురవ్వలు రాల్చింది. బొంబాయిలోని కొలాబా వేధశాల సూది ఆనాడు విపరీతంగా కదిలిన నమోదు నేటికీ పరిశోధకులకు ముఖ్య ఆధారం. పరికరాల కాలంలో మనిషి ఎరిగిన అతిపెద్ద సౌరతుపానుగా దానికి పేరు. దాని గుర్తు కోసం చెట్లలో వెతికితే కార్బన్-14లో చెప్పుకోదగ్గ ముద్రే లేదు. నేలమీద నేరుగా కొలిచిన సౌరకణాల వానల్లో పెద్దది 1956 ఫిబ్రవరిలో వచ్చింది. బొంబాయి బృందం వాననీటి లెక్క ప్రకటించిన ఏడాదే అది. 774 నాటిది దానికి కొన్ని పదుల రెట్లు. 2023లో ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల్లో, ఏటి గట్టున పూడిపోయిన దేవదారు మొద్దుల్లో, 14,300 ఏళ్ల కిందటి ముద్ర ఒకటి బయటపడింది. అది 774 దానికంటే కూడా పెద్దది. 1989 మార్చిలో వచ్చిన తుపాను వీటి ముందు చిన్నదే. దానికే కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. ఉపగ్రహాలకూ, ధ్రువాల మీదుగా ఎగిరే విమానాలకూ, విద్యుత్తు తీగలకూ ఎంత దెబ్బ తగలవచ్చునో అంచనా వేసేవారు ఇప్పుడు పరికరాల నమోదులతో పాటు యాకుషిమా దేవదారు వలయాలను కూడా ముందు పెట్టుకుని లెక్కలు వేస్తున్నారు.